మూడో ఆల్బమ్ చివరి పాట

మా అన్న ఎమ్మెట్ స్టిడమ్ తొంభైల్లో నాలుగు ఆల్బమ్‌లు చేశాడు. నాలుగింట్లోనూ రాసిందీ తనే, పాడిందీ తనే. వాటిలో ఒక్క పాట కూడా నాకు మొదటి నుంచి చివరి దాకా రాదని, అన్నకు పక్షవాతం వచ్చిన ఇరవయ్యో రోజున ఆస్పత్రిలో ఒక చిన్నపిల్లలాంటి స్పీచ్ థెరపిస్టు ముందు ఒప్పుకోవలసి వచ్చింది.

"మాట పోయినవాళ్ళకి కూడా ఒక్కోసారి పాట మిగులుతుందండీ," అంది ఆ అమ్మాయి. "మెదడులో రెండింటి చోట్లూ వేరు. ఆయన పాటలే ఆయన పక్కన కూచుని పాడండి. మెల్లగా అందుకుంటారు."

"నాకు రావు," అన్నాను.

"ఒక్కటైనా?"

"చర్చి పాటలొచ్చు."

ఆ అమ్మాయి కాగితం మీద ఏదో రాసుకుంది. మంచం మీద నుంచి అన్న నావైపు చూసి, "మంగళవారం," అన్నాడు.

అదొక్కటే మిగిలింది అన్నకు. ఆకలేసినా మంగళవారం, దిండు జారినా మంగళవారం, కోపమొస్తే గట్టిగా మంగళవారం. మనం చెప్పేదంతా అర్థమవుతుంది. తను చెప్పబోయేసరికి నోట్లో ఆ ఒక్క మాటే ఉంటుంది. వెస్ట్ వర్జీనియా కొండల్లో అన్నంత పొదుపుగా మాట వాడేవాడు లేడని పత్రికలవాళ్ళు రాసేవాళ్ళు. దేవుడు ఆ ముక్క చదివాడేమో అనిపించింది.

అన్నను మా ఇంటికే తెచ్చుకున్నాను. అంటే మేం పుట్టిన ఇంటికే. లోయ చివర, వాగు పక్కన, నాన్న కట్టిన ఇల్లు. పెళ్ళయిన పదకొండేళ్ళకు భర్త పోయాక నేను అక్కడికే తిరిగొచ్చాను. అమ్మ మంచాన పడితే చూసింది నేను. నాన్న ఊపిరితిత్తుల్లో బొగ్గు గడ్డకట్టి, ఆక్సిజన్ గొట్టంతో మూడేళ్ళు కుర్చీలో కూచుంటే చూసింది నేను. అన్న అప్పుడు పాటగాళ్ళంతా చేరే నాష్‌విల్‌లో ఆ బొగ్గు మీద, ఆ కుర్చీ మీద పాటలు కట్టుకుంటున్నాడు. మొదటి ఆల్బమ్‌లో అమ్మ మీద ఒక పాట ఉంది. అందులో అమ్మ బట్టలారేస్తూ పాడుకుంటుంది, లోయంతా పని ఆపి వింటుంది. మా అమ్మ పాడగా నేనెప్పుడూ వినలేదు. ఆమెకు పొద్దస్తమానం తలనొప్పి. కానీ కొట్టులో, పోస్టాఫీసులో జనం ఆపి, "మీ అమ్మ గొంతు ఎంత బాగుండేదో కదా!" అంటే "అవునండీ" అనేదాన్ని. ఇంకేమంటాను? అప్పట్నుంచీ ఆ పాటలు ఎక్కడ వినిపించినా రేడియో కట్టేసేదాన్ని.

అన్న సామానులో ఒక అట్టపెట్టె ఉంది. అందులో అభిమానుల ఉత్తరాలు కొన్ని దాచుకున్నాడు. నాలుగు ఉత్తరాలు ఒకే చేతివ్రాత. ఒక్కో ఆల్బమ్‌కి ఒకటి. రాసినామె పేరు డ్రీమా కోజార్ట్. మొదటి ఉత్తరంలో ఇలా ఉంది: "మిస్టర్ స్టిడమ్, మీరు గని అన్న మాట ఒక్కసారి కూడా వాడకుండా గని మీద పాట రాశారు. రెండో చరణంలో మీరు ఊపిరి తీసుకోవడానికి ఆగిన చోటే మా ఆయన కూడా వాకిటి మెట్ల మీద ఆగేవాడు. అది కావాలని చేశారా, లేక మీకూ ఎవరైనా అలా ఉన్నారా?" రెండో ఉత్తరం మూడే వాక్యాలు. "పాటలు బాగున్నాయి. డ్రమ్ములు ఎవరు పెట్టమన్నారు? ఆయన్ని మళ్ళీ రానివ్వకండి."

ఈమెకు పాటలన్నీ వచ్చుంటాయనిపించింది. కింద ఫోన్ నంబరుంది. అప్పటిది. ఇరవై ఏళ్ళ తర్వాత కూడా ఆ నంబరు పనిచేసింది.

"ఎవరు?" అంది అవతల గొంతు.

"నేను కోరా మెడోస్‌ని. ఎమ్మెట్ స్టిడమ్ చెల్లెల్ని."

"పోయాడా?" అంది.

"లేదండీ. మాట పోయింది."

నేను విషయం చెప్పాను. ఆమె మధ్యలో ఒక్కసారి కూడా అడ్డురాలేదు. అంతా విని, "గురువారం వస్తా," అంది. "ఆయన బిస్కెట్లు తినగలడా, మెత్తగా చెయ్యాలా?"

నలభై మైళ్ళు కొండదారిలో తనే కారు నడుపుకుంటూ వచ్చింది. అరవై ఆరేళ్ళుంటాయి. నాకంటే జానెడు పొడవు. ఇరవై ఏడేళ్ళు స్కూలు వంటింట్లో పనిచేసిన చేతులు. ఒక చేతిలో గుడ్డ కప్పిన గిన్నెలో బిస్కెట్లు, అంటే మా వైపు చేసుకునే చిన్న మెత్తటి రొట్టెలు, రెండో చేతిలో బూట్ల డబ్బా. డబ్బా నిండా క్యాసెట్లు. అన్న కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు. ఆమె ఎదురుగా వచ్చి నిలబడింది. కూచోలేదు.

"మిస్టర్ స్టిడమ్," అంది.

"మంగళవారం," అన్నాడు అన్న సిగ్గుపడుతూ.

"ఇవాళ గురువారమండీ. అయినా ఇల్లు మీది, మీ ఇష్టం."

అన్న నవ్వాడు. సగం మొహమే నవ్వింది. పక్షవాతం వచ్చాక అదే మొదటిసారి.

ఆమె గొంతు పాటకు పనికొచ్చే గొంతేమీ కాదు. బొంగురుగా, వంటింటి అవతలికి కేకేసే గొంతు. కానీ ప్రతి మాటా తెలుసు. ఎక్కడ సాగుతుందో, ఎక్కడ తెగుతుందో తెలుసు. ఆ రోజు మొదటి ఆల్బమ్‌లో మొదటి పాట ఎత్తుకుని, ప్రతి వరుసలోనూ చివరి మాట దగ్గర ఆగి అన్న మొహంలోకి చూసేది. నాలుగోసారి కాబోలు, అన్న నోట్లోంచి "వాన" అని వచ్చింది. నేను వంటింట్లో బంగాళాదుంపలు తొక్క తీస్తున్నాను. కత్తి పక్కన పెట్టి అలాగే నిలబడిపోయాను.

గురువారాలు, శనివారాలు వచ్చేది. క్రిస్మస్ నాటికి పాటలో అయితే అన్న వరుసంతా అనగలిగేవాడు. పాట ఆగితే మళ్ళీ మంగళవారమే. అన్న అలిసిపోయి కునుకు తీసినప్పుడు డ్రీమా వంటింట్లో నా పక్కన కూచుని ఆ పాటల గురించి చెప్పేది. నేను అడక్కపోయినా చెప్పేది.

"మూడోది విన్నావా? బెక్లీ దగ్గర ఖాళీ చర్చిలో చేశారు. నలుగురే మనుషులు. నాలుగో పాట మధ్యలో వాన మొదలై రేకుల మీద పడుతుంది. ఇంకెవరైనా అయితే ఆపేసేవాళ్ళు. వీళ్ళు ఆపలేదు. స్టీల్ గిటార్ వాయించేవాడు వానని విని, తన చెయ్యి తగ్గించుకుంటాడు. ఆ ముక్క నేను వందసార్లు వినుంటా, కోరా. మర్యాద అంటే ఏంటో ఆ చెయ్యి చెప్పింది నాకు."

"నాకవేం తెలీదు," అనేదాన్ని.

"నీ సొంతన్న పాటలు కదే తల్లీ!"

"అందుకే."

ఆమె నావైపు చూసి, ఇక రెట్టించలేదు. అలా వదిలేయడం ఆమెకు తెలుసు.

జనవరిలో ఒక శనివారం మూడో ఆల్బమ్ చివరి పాటకు వచ్చారు. అది మా నాన్న గొంతుతో సాగే పాట. ఇల్లొదిలి పోయిన కొడుకుతో తండ్రి అంటున్నట్టు ఉంటుంది. నేను వంటింట్లోంచి వచ్చేసరికి డ్రీమా కళ్ళు మూసుకుని చివరి చరణం పాడుతోంది:

"పొయ్యి ఆర్పేశా, కుక్కని కట్టేశా, మీ అమ్మ పడుకుంది, నేనూ పడుకుంటా. నువ్వొస్తావని తలుపు తీసే ఉంచా."

అన్న ఆమెతో పాటే వస్తున్నాడు. చివర్లో ఆమె "తీసే" అన్న చోట అన్న "మూసే" అన్నాడు.

డ్రీమా కళ్ళు తెరిచింది. "తీసే," అంది నెమ్మదిగా, బడిలో పిల్లలకు చెప్పినట్టు. మళ్ళీ ఎత్తుకుంది. మళ్ళీ "మూసే" అనే వచ్చింది. మూడోసారి అన్న బాగున్న చేత్తో కుర్చీ చెయ్యి మీద గట్టిగా కొట్టాడు. "మూసే! మంగళవారం! మూసే!"

"మర్చిపోయాడు పాపం," అంది డ్రీమా నాతో.

నేను చెప్పకుండా ఉండవలసింది. కానీ చెప్పాను. "మా నాన్న నిజంగానే మూసేశాడు డ్రీమా. గొళ్ళెం పెట్టాడు. గనిలో దిగనని అన్న ఇల్లొదిలి పోయాడు. మూడు వారాలకు తిరిగొచ్చాడు. తియ్యలేదు."

"జరిగింది వేరు, పాట వేరు," అంది ఆమె. "పాటలో తీసే ఉంటుంది. పద్దెనిమిదేళ్ళుగా వింటున్నాను."

క్యాసెట్లో ఆ వరుస పెట్టి చూశాం. సరిగ్గా ఆ మాట దగ్గరే స్టీల్ గిటార్ పైకి లేస్తుంది. పైగా ఆమె కారులో అరిగిపోయిన టేపు. ఎలా వినాలనుకుంటే అలా వినపడుతుంది. ఆ క్యాసెట్‌తో పాటల మాటలు అచ్చేసిన కాగితం కూడా రాలేదు. చివరికి అన్నే వేలితో గిటారు పెట్టె చూపించాడు. అడుగున నోటుపుస్తకం ఉంది. ఆ పాట పేజీ నిండా కొట్టివేతలే. ఒక్క ఆ వరుస మీద మాత్రం ఏ గీతా లేదు. నువ్వొస్తావని తలుపు మూసే ఉంచా.

డ్రీమా ఆ వరుస చదివింది. పుస్తకం మూసి అన్న ఒళ్ళో పెట్టింది. కోటు తొడుక్కుని, "మంచు పడేలా ఉంది," అని వెళ్ళిపోయింది. గిన్నె కూడా మర్చిపోయింది.

గురువారం రాలేదు. శనివారం రాలేదు. ఫోన్ ఎత్తలేదు. రెండో వారం దాటాక పక్కింటామెను అన్న దగ్గర కూచోబెట్టి, గిన్నె తీసుకుని నేనే బయల్దేరాను.

డ్రీమా ఇల్లు రైలు పట్టాల పక్కన చిన్న తెల్ల ఇల్లు. ఆమె వంటింటి బల్ల దగ్గర కూచుని ఉంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. కాఫీ పోసింది. గోడ మీద ఒక కుర్రాడి ఫొటో, ఫుట్‌బాల్ చొక్కాలో.

"జారెడ్," అంది. "మా అబ్బాయి."

తర్వాత తనే చెప్పింది. ఆ కుర్రాడు కలప మిల్లులో నడుము విరగ్గొట్టుకున్నాడు. డాక్టరు నొప్పి మాత్రలు రాశాడు. నొప్పి పోయింది, మాత్రలు పోలేదు. మా కొండల్లో ప్రతి ఇంటికీ ఇలాంటి కథ ఒకటుంది కాబట్టి ఆమె పెద్దగా వివరించలేదు. అమ్మమ్మ ఉంగరం పోయింది, టీవీ పోయింది, ఒకరోజు డ్రీమాను తోసేస్తే పొయ్యి మీద పడింది. ఆమె తాళాలు మార్పించింది. సంవత్సరం పాటు వాణ్ణి గుమ్మం ఎక్కనివ్వలేదు.

"రోజూ స్కూలుకి పోయేటప్పుడు కారులో ఆ క్యాసెట్టే," అంది. "ఆ పాట. ఒక తండ్రి అంటున్నాడు, ఎంత కోపమున్నా తలుపు తీసే ఉంచానని. రోజూ వినేదాన్ని. ఆ తండ్రికున్న గుండె నాకు లేకపోయిందే అనుకునేదాన్ని. ఒకరోజు ఇంటికొచ్చి ఈ వంటింటి తలుపు తాళం తీసేశా. ఇంక వెయ్యలేదు. తొమ్మిదో రోజున వచ్చాడు. ఇక్కడే, నువ్వు కూచున్న కుర్చీలో కూచున్నాడు. ఎముకల గూడు. గుడ్లు వేయించి పెట్టా."

"ఎన్నాళ్ళున్నాడు?"

"ఆగస్టు నుంచి ఫిబ్రవరి దాకా. ఫిబ్రవరిలో నేను పనికి బయల్దేరుతూ లేపబోతే చల్లగా ఉన్నాడు." కాఫీ కప్పును బల్ల మీద కొంచెం జరిపింది. "మా అక్క మొహం మీదే అంది, చావడానికి లోపలికి పిలిచావు, బయటే ఉంచితే బుద్ధొచ్చి చికిత్సకి పోయేవాడు అని. నేను జవాబు చెప్పలేదు. మనసులో మాత్రం, నీకేం తెలుసే, తెలిసిన మనిషి నాకు చెప్పాడు అనుకున్నా. ఇన్నేళ్ళూ అదే పట్టుకుని ఉన్నా, కోరా. తెలిసిన మనిషి చెప్పాడు అని."

"ఆ ఆరు నెలలు వాడు నీ దగ్గరున్నాడు," అన్నాను.

"ఉన్నాడు. అది కాదు నేననేది. ఎవరూ చెప్పలేదు నాకు. ఆయన మూశానన్నాడు, నేను తీశాను. అంటే మంచో చెడో అది నేనే చేశా. పంచుకోడానికి ఇంకో మనిషి లేడు." కిటికీలోంచి పట్టాల వైపు చూసింది. "అంతే. అలవాటు కావాలి, కొన్నాళ్ళు పడుతుంది."

ఇంటికొచ్చి అన్నకు అంతా చెప్పాను. దాచి లాభం లేదు, ఎలాగూ గురువారం గురువారం కిటికీలోంచి దారి చూస్తున్నాడు. అన్న అంతా విన్నాడు. తర్వాత నోటుపుస్తకం అందుకుని ఆ పాట పేజీ తీసి, "మూసే" మీద వేలు పెట్టి, ఆ వేలుని అడ్డంగా ఊపాడు. మార్చి పాడతానంటున్నాడని అర్థమైంది. పాడాలంటే ఎవరో ఒకరు ఎత్తుకోవాలి. డ్రీమా లేదు.

అలా యాభై అయిదేళ్ళ వయసులో మొదటిసారి మా అన్న పాట ఒకటి మొదటి నుంచి చివరి దాకా చదివాను. వారం రోజులు నేను ఎత్తుకుంటే అన్న అందుకున్నాడు. రెండో చరణంలో ఒక వరుస ఉంది. "చిన్నది మేలుకునే ఉంది, దుప్పటి కింద వింటూ ఉంది."

మొదటిరోజు ఆ వరుస దగ్గర పుస్తకం మూసేశాను.

అప్పుడు నాకు పన్నెండేళ్ళు. నా మంచం కిటికీ పక్కనే ఉండేది. అన్న వాకిట్లో నిలబడి మూడుసార్లు తలుపు కొట్టాడు. "నాన్నా" అన్నాడు. తర్వాత "కోరా" అన్నాడు. నాన్నంటే నాకు భయం. దుప్పటి తల మీదికి లాక్కున్నాను. ఈ సంగతి నేనెవరికీ చెప్పలేదు. నా భర్తకి కూడా. అన్న కిటికీలోంచి చూశాడన్నమాట. చూసి, పాటలో పెట్టి, దేశమంతా పాడాడు. నేను రేడియో కట్టేస్తూ ఇన్నేళ్ళు వినకుండా తప్పించుకున్నది అమ్మ పాటని కాదేమో అనిపించింది.

"నీకు తెలుసా?" అన్నాను. "నేను మెలకువగా ఉన్నానని నీకు అప్పుడే తెలుసా?"

అన్న నావైపు చూశాడు. నోరు కదిలింది, మెడ నరాలు బిగుసుకున్నాయి. "మంగళ..." అని ఆగిపోయాడు. బాగున్న చెయ్యి చాచి నా చెయ్యి పట్టుకున్నాడు. అది క్షమించడమో, కాదో, నేనిప్పటికీ చెప్పలేను. చెప్పగలిగిన మనిషికి మాట లేదు.

ఫిబ్రవరి చివర డ్రీమా వచ్చింది. ఏమీ జరగనట్టే బిస్కెట్ల గిన్నె పెట్టి, కోటు తగిలించి కూచుంది. అన్న నావైపు సైగ చేశాడు. నేను ఎత్తుకున్నాను. డ్రీమా నన్ను వింతగా చూసింది. అన్న అందుకున్నాడు. చివరి వరుసలో, చెమటలు పడుతూ, "తీసే ఉంచా" అన్నాడు. స్పష్టంగా అన్నాడు. అని, మార్కుల కోసం చూసే పిల్లాడిలా ఆమె వైపు చూశాడు.

డ్రీమా చెయ్యెత్తింది. "వద్దు మిస్టర్ స్టిడమ్," అంది. "పాడుచెయ్యకండి."

"నీ కోసమే నేర్చుకున్నాడు," అన్నాను నేను. నాకు కోపమొచ్చింది.

"తెలుసు. అందుకే చెబుతున్నా." ఆమె కుర్చీ అన్నకు దగ్గరగా జరుపుకుంది. "ఇంటి దగ్గర ఈ నెలంతా అదే ఆలోచించాను. తలుపు తీసుంటే ఇంక పాటలో ఏముంది? ఒక మంచి తండ్రి, అంతే. మూసుండాలి. కొడుకొస్తాడని తెలుసు, వాడి అడుగుల చప్పుడు వినాలనీ ఉంది, అయినా గొళ్ళెం పెట్టాడు. పెట్టి నిద్రపోలేదు. ఆ స్టీల్ గిటార్ అంత ఎత్తుకి ఎందుకు లేస్తుందో నాకు ఇప్పుడు తెలిసింది. పద్దెనిమిదేళ్ళు నేను దీన్ని మంచి పాట అనుకున్నా. ఇది అంతకంటే మంచి పాట. నాకు పనికొచ్చే పాట కాదు, అది వేరే సంగతి. మీరు రాసింది మీరు పాడండి."

అన్న పాడాడు. నేనూ ఎత్తుకోలేదు, డ్రీమా ఎత్తుకోలేదు. తనంతట తనే మొదలుపెట్టి చివరి దాకా వచ్చాడు. గొంతు పగిలిపోయింది, రెండు చోట్ల శ్రుతి తప్పింది. "మూసే" దగ్గర డ్రీమా మొహం చెంపదెబ్బ తిన్నట్టు అయింది. కానీ కళ్ళు తిప్పుకోలేదు. పాట అయ్యాక లేచి వంటింట్లోకి వెళ్ళి, కుళాయి తిప్పి, నీళ్ళు అలా పోనిస్తూ చాలాసేపు నిలబడింది.

ఏప్రిల్లో అన్నకు పక్షవాతం రెండోసారి వచ్చింది. ఆస్పత్రికి తీసుకెళ్ళే లోపే పోయాడు. లోయ పైన శ్మశానంలో నాన్న పక్కన చోటుంది, అక్కడే పెట్టాం. నాష్‌విల్ నుంచి ఇద్దరు వచ్చారు, పువ్వులు పంపినవాళ్ళు పదిమంది. పాస్టరు అన్న పాటలెప్పుడూ వినలేదు. ఎమ్మెట్ మన కొండల వెలుగులు పాడాడని ఏదో అన్నాడు. డ్రీమా నా పక్కన నిలబడి, "వెలుగుల మీద ఒక్క పాటుంటే చూపించమను," అంది చెవిలో. అంత దుఃఖంలోనూ నాకు నవ్వొచ్చి, రుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నాను. వెనక వరసవాళ్ళు ఏడుస్తున్నాననుకుని భుజం తట్టారు.

ఇది జరిగి తొమ్మిదేళ్ళు. డ్రీమాకు ఇప్పుడు ఎడమ చెవి వినపడదు. కారు నడపడం మానేసింది. నెలకు రెండుసార్లు నేనే వెళతాను. బీన్స్ ఉడకేసి, మొక్కజొన్న రొట్టె చేసి ఉంచుతుంది. తిన్నాక నాలుగో ఆల్బమ్ పెట్టుకుంటాం. అది మా ఇద్దరికీ నచ్చదు. అందులో అన్న వెనక ఎవరో ఆడవాళ్ళు ఊఁ ఊఁ అని రాగాలు తీస్తుంటారు. డ్రీమా వినపడే చెవిని స్పీకరు వైపు తిప్పి, మొదటి పాట నుంచీ వాళ్ళని తిడుతూనే ఉంటుంది.

"నాష్‌విల్‌లో ఇళ్ళూ వాకిళ్ళూ లేవా వీళ్ళకి?" అంటుంది. "కోరా, ఆరో పాట పెట్టు. అందులో కాసేపు నోరు మూసుకుంటారు."

ఆరోది పెడతాను.